కొట్టిందెవరు?

2012లో సిన్సినాటి రెడ్స్ ఆటగాడు టాడ్ ఫ్రేజియర్ ఒక హోమ్ రన్ కొట్టాడు. ఆ వీడియోని నెమ్మదిగా నడిపి చూస్తే, బంతి తగిలే వేళకే అతని చేతులు బ్యాట్‌ని దాదాపు వదిలేసి ఉంటాయి. బ్యాట్ ఒక దారిన పోయింది, ఖాళీ చేతులు ఇంకో దారిన పోయాయి, బంతి కంచె దాటింది. పరుగు మాత్రం అతని పేరు మీదే ఎక్కింది. బేస్‌బాల్ భౌతికశాస్త్రం మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలన్ నేథన్‌కి ఇది వింతగా తోచలేదు. బంతీ బ్యాటూ కలిసి ఉండేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. ఆ దెబ్బ కబురు బ్యాట్ పిడి దాకా వెళ్లి, వేళ్ల పట్టు సంగతి తెలుసుకుని తిరిగి వచ్చేలోగా బంతి వెళ్లిపోయి ఉంటుంది. అంటే ఆ క్షణాన పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నా, అసలు పట్టుకోకపోయినా బంతికి ఒకటే.

ఈ సంగతి తెలిసినప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పని ఫలించే క్షణంలో చేసినవాడి చేతులు అక్కడ ఉన్నా లేకపోయినా తేడా లేదంటే, ‘నేను కొట్టాను’ అనే మాట దేని మీద నిలబడుతుంది?

నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టి పెరిగింది రాజమండ్రిలో, ఉండేది హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే పిల్లలు డొక్క కండరాలు పట్టేసో, మణికట్టు వాచో నా దగ్గరికి వస్తుంటారు. మా అబ్బాయి కూడా ఆడతాడు. సాయంత్రాలు మా గరాజ్‌లో వల కట్టి, టీ అనే చిన్న స్టాండు మీద బంతి పెట్టి కొడుతూ ఉంటాడు. బ్యాట్ పిడి చివర ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. ఒక్కో స్వింగ్‌కి బ్యాట్ గంటకి ఎన్ని మైళ్ల వేగంతో తిరిగిందో ఫోన్‌లో పడుతుంది. వాడు బంతి ఎటు పోయిందో చూడడం మానేసి ఫోన్ వంక చూస్తాడు. మైదానం పక్కన మడత కుర్చీల్లో కూర్చునే తల్లిదండ్రుల మాటలు కూడా ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి.

అంకె మీద ఆశ ఊరికే పుట్టలేదు. బంతి బ్యాట్‌ని వదిలి వెళ్లే వేగంలో పిచ్చర్ విసిరిన వేగంలో ఐదో వంతు మాత్రమే కలుస్తుంది, బ్యాట్ వేగం మాత్రం ఒకటికి 1.2 వంతున కలుస్తుంది. గంటకి 90 మైళ్ల బంతిని 70 మైళ్ల బ్యాట్ సరిగ్గా మధ్యన పట్టుకుంటే, అందులోంచి 18, ఇందులోంచి 84, మొత్తం 102 మైళ్ల వేగంతో బంతి బయల్దేరుతుంది. అందుకే బ్యాట్ వేగాన్ని ఒక్క మైలు పెంచుకోవడానికి పిల్లలు ఎండాకాలమంతా చెమటోడుస్తారు. మేజర్ లీగ్ వాళ్లు 2024 నుంచి ప్రతి స్వింగ్ వేగాన్నీ జనానికి చూపిస్తున్నారు. అక్కడ సగటు 72 మైళ్ల దగ్గర ఉంటుంది. యాంకీస్ ఆటగాడు జియాన్‌కార్లో స్టాంటన్ 80 దాటిస్తాడు.

ఆ వేగం ఎక్కడినుంచి వస్తుంది? చూసేవాళ్లకి చేతుల్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. మా వృత్తి పత్రికలో 1995లో వెల్చ్, అతని సహచరులు రాసిన వ్యాసం ఒకటి ఉంది. ప్రొఫెషనల్ ఆటగాళ్ల ఒంటికి గుర్తులు అంటించి, కెమెరాల ముందు కొట్టించి లెక్క కట్టారు. ముందు తుంటి తిరుగుతుంది, సెకనుకి 714 డిగ్రీల వేగం దాకా. తర్వాత భుజాలు, 937 దాకా. తర్వాత చేతులు, వెయ్యి దాటి. చివరికి బ్యాట్ సెకనుకి 31 మీటర్లు. వీటన్నిటికీ ముందు, ముందుకాలు నేలని తొక్కినప్పుడు పడే బలం ఒంటి బరువుకన్నా ఎక్కువ, 123 శాతం. నేల ఎదురు తోస్తేనే తుంటి తిరగగలుగుతుంది. వేగానికి మొదటి ఆసరా మనిషి ఒంట్లో లేదు, కాలి కింద ఉంది.

ఇంతవరకూ కోచ్‌లు చెబుతారు. వాళ్లు అంతగా చెప్పనిది, నేను చేత్తో తాకి చూసి తెలుసుకున్నది ఇంకొకటి ఉంది. తుంటి తన గరిష్ఠ వేగానికి చేరాక ఆగుతుంది. అది ఆగుతున్నప్పుడే ఆ వేగం మొండేనికి అందుతుంది. మొండెం ఆగితే భుజాలకి, భుజాలు నెమ్మదిస్తే మోచేతులకి, పిడి పట్టిన చేతులు నెమ్మదిస్తేనే బ్యాట్ కొస ముందుకు దూకుతుంది. గోదావరి రేవులో బండ మీద బట్టలు ఉతికేవాళ్లని చిన్నప్పుడు చూస్తూ నిలబడేదాన్ని. వాళ్ల నడుము ముందు వంగి ఆగేది, తర్వాత భుజం దిగేది, చేయి కిందికొచ్చి నెమ్మదించాక తడిబట్ట కొస బండని చరిచేది. అంతసేపు ఉతికినా వాళ్లకి అలుపు రాకపోవడానికి కారణం ఆ వరసే అని ఇప్పుడు అర్థమవుతోంది. ప్రతి అంగమూ తనకి వచ్చినదాన్ని తన దగ్గర ఉంచుకోకుండా పక్కదానికి ఇచ్చేస్తుంది. ఏదో ఒకటి ఇవ్వడానికి ఒప్పుకోకపోతే బరువంతా దాని మీదే పడి అదే చినుగుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల నొప్పులు చాలావరకు అలాంటివే. తుంటి ఆగలేదు కాబట్టి డొక్క చిరిగింది, భుజం ఆగలేదు కాబట్టి మణికట్టు వాచింది.

‘గట్టిగా కొట్టరా’ అని గ్యాలరీలోంచి అరుస్తారు. గట్టిగా కొట్టాలని మనసు తెచ్చుకున్న మరుక్షణం ఒంట్లో జరిగేది నాకు తెలుసు. చేయి చాచే కండరం, మడిచే కండరం రెండూ ఒకేసారి బిగుస్తాయి. ఒకటి లాగుతుంటే రెండోది పట్టి ఆపుతుంది. మెడ నరాలు పొంగుతాయి, దవడ బిగుస్తుంది, బ్యాట్ నెమ్మదిస్తుంది. కొట్టేవాడికి మాత్రం మునుపెన్నడూ లేనంత వేగంగా తిప్పినట్టే ఉంటుంది. బ్యాటర్లు వంతు కోసం ఎదురుచూస్తూ బ్యాట్‌కి బరువైన రింగు తొడిగి ఊపుతారు, అది తీసేశాక బ్యాట్ తేలికై గాలిలో ఎగిరినట్టు అనిపిస్తుంది. జపాన్ పరిశోధకులు 2002లో కొలిచి చూస్తే, రింగు తీశాక వేసిన మొదటి స్వింగ్ నిజానికి కాస్త నెమ్మదిగా ఉంది, కొట్టినవాళ్లు మాత్రం వేగం పెరిగిందన్నారు. ‘నేను చేస్తున్నాను’ అనే అనుభూతి బలంగా ఉన్నంత మాత్రాన పని బలంగా జరుగుతున్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. మనలో ఎక్కువమందికి కర్తృత్వానికి ఉన్న ఏకైక సాక్ష్యం ఆ అనుభూతే.

ఇదంతా ఒక ఆదివారం ఫోన్‌లో నాన్నకి చెప్పాను. నాన్న తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. రోజూ తెల్లవారుజామున గీతాభాష్యం తీస్తారు. ఆయనకి తెలిసింది క్రికెట్టే. “బ్యాట్ చదునుగా ఉండదా? గుండ్రటి కర్రతో గుండ్రటి బంతినా?” అని ఆశ్చర్యపోయారు. అవును, బ్యాట్ లావు రెండున్నర అంగుళాలకి కాస్త పైన, బంతి మూడు అంగుళాలకి కాస్త లోపు. రెండూ ఒకదాని నడుముని ఒకటి తాకాలి, వెంట్రుకవాసి తేడాకి బంతి నెత్తి మీదికో నేల మీదికో పోతుంది. కాసేపు ఊరుకుని, “పద్దెనిమిదో అధ్యాయం తియ్యమ్మాయ్” అన్నారు.

ఏ పని జరగడానికైనా అయిదు కారణాలని గీత అక్కడ చెబుతుంది. శరీరం, కర్త, ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. అయిదూ ఉండగా తానొక్కడే చేశాననుకునేవాడికి సరిగా కనపడడం లేదని దాని భావం. చిన్నప్పటినుంచీ విన్నదే. అప్పట్లో అది అణకువ నేర్పే మాటగా వినపడేది, ఒంటి పని చూసినదాన్ని కాబట్టి ఇప్పుడు అది జరిగేదాన్ని ఉన్నదున్నట్టు చెప్పే మాటగా వినపడుతోంది. నేలని తొక్కిన శరీరం ఉంది, ఒకదానికొకటి అందించుకునే చేష్టలు ఉన్నాయి, కళ్లు ఉన్నాయి. ఆ కళ్లు కూడా చివరిదాకా తోడు రావు. బంతి చివరి అయిదారు అడుగుల దూరంలోకి వచ్చాక దాన్ని కంటితో వెంబడించడం మేటి బ్యాటర్‌కి కూడా సాధ్యం కాదని 1984లో బేహిల్, లరిట్జ్ అనే ఇద్దరు చూపించారు. అక్కడినుంచి బ్యాట్ వెళ్లేది బంతి ఉన్న చోటికి కాదు, ఉండబోతుందని ఒళ్లు నమ్మిన చోటికి.

ఆ అయిదోదాని దగ్గర ఆచార్యులు విడిపోతారు. కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకి అండగా నిలిచే దేవతలని శంకరులు అర్థం చెప్పారు, ఆత్మ వీటన్నిటికీ అవతల ఏదీ చేయకుండా ఉంటుందన్నారు. రామానుజులు అది లోపల ఉండి నడిపించే పరమాత్మే అన్నారు. అలాగని జీవుణ్ణి తోలుబొమ్మ చేయలేదు. మొదటి ప్రయత్నం జీవుడిదే, ఆ ప్రయత్నాన్ని చూసి భగవంతుడు అనుమతి ఇస్తాడు, ఆ అనుమతి లేకుండా పని ముందుకు సాగదు. జీవుడికి చేయడానికి ఏమీ లేకపోతే ఇది చెయ్యి, అది చేయవద్దు అని శాస్త్రం చెప్పడమే వృథా అవుతుంది కదా అని వాళ్ల వాదం.

మాది వైష్ణవ కుటుంబం కాబట్టి రామానుజుల వైపు మొగ్గుతున్నానని ఎవరైనా అనొచ్చు. కానీ స్వింగ్‌ని దగ్గరనుంచి చూస్తే నాకు శంకరుల కర్త కాని ఆత్మ కన్నా రామానుజుల ‘మొదటి ప్రయత్నం’ స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్కడో చెబుతాను. పిచ్చర్ నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. గంటకి 95 మైళ్ల బంతి సెకనులో పది భాగాల్లో నాలుగు భాగాలకే వచ్చేస్తుంది. స్వింగ్‌కి సుమారు ఒకటిన్నర భాగం పోతుంది. మిగిలిన రెండున్నర భాగాల్లో బ్యాటర్ బంతిని చూసి, అది ఎలాంటిదో పోల్చుకుని, అవునో కాదో తేల్చుకోవాలి. అవునని తుంటి కదిలాక మొదట్లో కాస్త వ్యవధిలో ఆపుకోవచ్చు, ఆ గడువు దాటితే దేవుడే దిగివచ్చినా ఆ బ్యాట్ వెనక్కి రాదు. ఆ చిన్న ‘అవును’ మాత్రం ఇంకెవరూ అనరు, ఆ కుర్రాడే అంటాడు. తర్వాత జరిగేదంతా అతని ద్వారా జరుగుతుంది.

మేటి బ్యాటర్ టెడ్ విలియమ్స్ 1970లో బ్యాటింగ్ మీద రాసిన పుస్తకంలో తుంటి గురించి ఎంతో చెప్పాడు. అయినా అన్నిటికన్నా ముందు పెట్టింది కొట్టదగిన బంతి కోసం కాచుకోవడాన్ని. బంతి పడాల్సిన చోటైన స్ట్రైక్ జోన్‌ని 77 బంతులుగా పేర్చి, ఏ చోట పడ్డ బంతిని కొడితే తన సగటు ఎంత ఉంటుందో బొమ్మ వేశాడు. అతని ఆట మీద నాకు గౌరవం కలిగించింది ఇంకొకటి. 1941 సీజన్ ఆఖరి రోజుకి అతని సగటు .39955. దాన్ని సవరించి రాస్తే .400 అవుతుంది, ఆ రోజు ఆడకుండా కూర్చుంటే ఆ అంకె అతనికి దక్కిపోతుంది. మేనేజర్ కూర్చోమని అవకాశం ఇచ్చాడు. అతను ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లూ ఆడాడు. ఎనిమిదింట ఆరు హిట్లు కొట్టి .406తో ముగించాడు. ఆరు కాక ఒక్కటే కొట్టి ఉంటే అంకె జారిపోయేది, అప్పుడు కూడా ఆ నిర్ణయం ఇంతే గొప్పదై ఉండేదని నేను నమ్ముతాను. ఫలం మీద హక్కు లేదన్న మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అతను గీత చదివాడని నేను అనడం లేదు.

గీత చదవకపోయినా సాధన మార్గంలో ఇక్కడికి వచ్చినవాడు జపాన్ బ్యాటర్ సదహారు ఓ. 1959లో యొమియురి జెయింట్స్‌లో చేరాక మూడేళ్లు తంటాలు పడ్డాడు. ఒంట్లో బలం ఉంది, కానీ బంతి రాకముందే చేతులు కదిలిపోయేవి. కోచ్ హిరోషి అరకావా ఐకిడో నేర్చుకున్నవాడు. ఆ విద్యకి ఆద్యుడైన మోరిహెయ్ ఉయెషిబా దగ్గరికి ఓని తీసుకెళ్లాడు. 1962 జూలై 1న ఓ ముందుకాలు ఎత్తి ఒంటికాలి మీద నిలబడి బంతి కోసం కాచుకున్నాడు, ఆ రోజే హోమ్ రన్ కొట్టాడు. ఒంటికాలి మీద నిలబడ్డవాడు తొందరపడలేడు, తొందరపడితే పడిపోతాడు. అందులో ఉన్న వైద్యం అదే. రాత్రిళ్లు అరకావా ఇంట్లో చాపలు అరిగేలా సాధన చేశాడు. పైకప్పు నుంచి వేలాడే కాగితం ముక్కని కత్తితో నరికేవాడు. బలంగా కొడితే కాగితం పక్కకి తప్పుకుంటుంది గాని తెగదు. కత్తి కొస తన దారిలో సరిగ్గా, సరైన సమయానికి వెళ్తేనే తెగుతుంది. 1980లో ఆట మానేసేనాటికి అతని హోమ్ రన్‌లు 868. అమెరికాలో గాని, జపాన్‌లో గాని అన్ని ఎవరూ కొట్టలేదు.

ఇక్కడే నేను ఈ మధ్య వినపడే ఒక మాటతో విభేదిస్తాను. ‘ఏమీ ఆలోచించకు, వదిలెయ్, దానంతట అదే అవుతుంది’ అని ధ్యానం గురించి మాట్లాడేవాళ్లు చెబుతారు, కోచ్‌లు కూడా చెబుతున్నారు. కాగితాన్ని అన్ని రాత్రులు నరికినవాడు వదిలేస్తే కత్తికి దారి తెలుసు. దారి వేయనివాడు వదిలేస్తే బ్యాట్ వేలాడుతుంది. తుంటి ముందు, భుజం తర్వాత అనే వరస పుట్టుకతో రాదు, పిల్లల చేత ఒక్కో మెట్టూ చేయించాలి, విసుగు పుట్టేదాకా చేయించాలి. శరణాగతి పేరుతో ఆ శ్రమని దాటేయడం నాకు అధర్మంగానే తోస్తుంది. మొదటి ప్రయత్నం లేనిచోట అనుమతి ఇవ్వడానికి కూడా ఏమీ ఉండదు.

రెండోవైపు వేగమే సర్వస్వం అనుకునేవాళ్లకి లూయిస్ అరాయెజ్‌ని చూపిస్తాను. మేజర్ లీగ్‌లో అన్నిటికన్నా నెమ్మదైన బ్యాట్‌లలో ఒకటి అతనిది, గంటకి 62, 63 మైళ్ల దగ్గర. 2022లో మిన్నెసోటా తరఫున, 2023లో మయామీ తరఫున, 2024లో శాన్ డియాగో తరఫున వరసగా మూడేళ్లు బ్యాటింగ్ సగటులో తన లీగ్‌కి అతనే మొదటివాడు. స్టాంటన్‌ని అతనితో పోల్చి ఒకరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎవరి ఒంటికి ఏది స్వధర్మమో సెన్సర్ చెప్పదు. మా అబ్బాయి ఇంకా ఎదుగుతున్నాడు. వాడిది ఏ రకం ఒళ్లో నాకూ తేలలేదు. అందుకే టీ దగ్గర వాడికి అంకె చెప్పడం మానేశాను. “ముందుకాలు దిగిందా? తుంటి ఆగిందా?” అని మాత్రమే అడుగుతాను. అవి రెండూ వాడి చేతిలో ఉన్నవి.

ఇంతవరకూ దైవం అంటే ఎక్కడో పైనున్నదన్నట్టు రాశాను. ఆటలో మాత్రం అది ఎదురుగా పిచ్చర్ గుట్ట మీద నిలబడి ఉంటుంది. మా వాడికి వచ్చే బంతి ఎలా తిరుగుతుందో, ఎప్పుడు కిందికి జారుతుందో నిర్ణయించేది అవతలి జట్టు పిల్లవాడు. వాడి తుంటి కూడా ఇలాగే తిరిగి ఆగింది, వాడి భుజం కూడా ఇలాగే వేళ్లకి అందించింది. మా వాడి అయిదోది వాడు, వాడి అయిదోది మా వాడు. ఒకసారి బేస్‌లు నిండి, ఇద్దరు అవుటై, మా వాడు బ్యాట్ పట్టుకుని నిలబడ్డప్పుడు నేను లోపల నారాయణ నామం చెప్పుకుంటున్నాను. రెండు కుర్చీల అవతల ఆ పిచ్చర్ తల్లి జపమాల చేతిలో పెట్టుకుని మరియమ్మని తలుచుకుంటోంది. ఎవరి మొర వినాలి?

నాన్నని అడిగితే, “ఇద్దరికీ అనుమతి వస్తుందమ్మా. విసరడానికి వాడికి, తిప్పడానికి వీడికి. గెలుపు అడుగుతున్నారు మీరిద్దరూ, అది వేరే సంగతి” అన్నారు. ఆ సమాధానం నాకు తత్త్వంగా సరిపోయింది. తల్లిగా ఇంకా సరిపోలేదు, వచ్చే శనివారం మ్యాచ్‌కి కూడా నామం చెప్పుకుంటూనే కూర్చుంటాను. ఈసారి ఆ పిల్లవాడి మోచెయ్యి కోసం కూడా చెప్పుకోవాలని ఉంది. పోయినసారి బంతి విసిరాక మోచెయ్యి పట్టుకోవడం చూశాను. ఆట అయ్యాక వాళ్లమ్మని కలిసి, ఒకసారి ఎవరికైనా చూపించమని చెప్పాలి.